కృత్రిమదంతము చుట్టును చిగురు మాను విధము

మన దేహమునంతటిని చర్మమొక కవచమువలె కప్పియున్నది. నోటిలో నదే కవచము పలుచనై, తడిసి, యెఱ్ఱని మెత్తని పొరగా మాఱి, పెదవులు మొదలు గొంతువఱకును అతుకు లేక సాగిపోవుచున్నది. వెలుపలి క్రిములను వెలుపలనే నిలుపుట దాని పని. కాలిలో ముల్లు విఱిగి నిలిచినచో రెండు మూడు దినములలో చుట్టును వాచి, చీము పట్టి, దేహము దానిని బయటికి నెట్టివేయ జూచును. కవచమునకు రంధ్రము పడుటను దేహము సహింపదు. గోళ్లును వెండ్రుకలును ఆ కవచమునుండియే పుట్టినవి గనుక వాని మాట వేఱు. లోపలి యెముకలో వేళ్లూని, కవచమును చీల్చుకొని, గాలిలోనికి తల యెత్తి, యేండ్లకేండ్లు నిలుచు అవయవము మన దేహములో నొక్కటే కలదు. అది పన్ను.

పన్ను బయటికి వచ్చుచోట రంధ్రము తప్పదు గదా, మఱి క్రిములు ఆ సందున దూరి లోపలి యెముకను చేరకుండుట యెట్లు? సమాధానము చిగురునందున్నది. చిగురు పంటి మెడను రెండు విధముల పట్టుకొనియున్నది. మొదటి పట్టు పైపొరది. ఆ పొరలోని కణములు హెమిడెస్మోసోములను మిక్కిలి సూక్ష్మమైన కొక్కెములచేత పంటిని అంటుకొనియుండును. వానిని చూడవలయునన్న ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని కావలయును. రెండవ పట్టు దాని క్రిందిది, అంతకంటె బలమైనది. పంటివేరును సిమెంటమను పలుచని గట్టిపొర కప్పియున్నది. తాపీపనివారి సిమెంటునకును దీనికిని పేరుపోలిక తప్ప వేఱు చుట్టఱికము లేదు. చిగురులోని కొల్లాజెను నారలు ఈ సిమెంటములోనికి మేకులవలె అడ్డముగా దిగి పాతుకొనియుండును. కావుననే చిగురును పంటినుండి లాగివేయుట యంత సులభము కాదు.

సహజమైన పంటికి ఇంకొక భాగ్యము కలదు. వేరునకును దవడయెముకకును నడుమ కాగితమంత పలుచని నారపొర యున్నది. నమలునప్పుడు పడు బరువును అది మెత్తగా ఓర్చుకొనును. దానిలో రక్తనాళములు దట్టముగా నున్నవి. అందుచేత పంటిచుట్టు చిగురునకు రక్తము రెండు దారుల వచ్చుచున్నది: యెముక వెలుపలి వైపునుండి యొకటి, ఈ నారపొరనుండి మఱియొకటి. ఒకే పొలమునకు రెండు కాలువలు పాఱినట్లు.

పన్ను పోయినపుడు ఈ యేర్పాటంతయు పంటితో గూడ పోవును. ఖాళీయైన గుంటలో రక్తము గడ్డకట్టును. కొన్ని వారములలో పైన చిగురు కలిసికొనును. కొన్ని నెలలలో గుంటను యెముక నింపును. ద్వారము మూతపడినది. దేహమునకు ఇంతకంటె కావలసినది లేదు. నమలి తినవలసిన మనుష్యునకు మాత్రము చాలదు. అప్పుడు వైద్యుడు మూసిన ద్వారమును మరల తెఱచి, యొక లోహపు మఱమేకును యెముకలో నాటి, ఇదియే నీ పన్ను అని దేహమును నమ్మింపవలసియున్నది. యెముక ఈ మాటను పూర్తిగా నమ్మినది. చిగురు సగము మాత్రమే నమ్మినది. ఆ మిగిలిన సగమునుగూర్చియే మేమిచ్చట వ్రాయబూనితిమి. ఏలయన, వేలకొలది రూపాయలు వెచ్చించి ఇంప్లాంటు పెట్టించుకొనువారిలో పలువురకు ఈ సంగతి తెలియదు.

ముందుగా ఇంప్లాంటన నేమో చెప్పుదము. దానికి మూడు భాగములు. మొదటిది టైటేనియము అను లోహముతో చేసిన మఱమేకు. సాధారణముగా సుమారు 10 మిల్లీమీటరుల పొడవు, 4 మిల్లీమీటరుల లావు. అది దవడయెముకలో దాగియుండును. రెండవది దానిపై బిగించు మెడ, దీనిని అబట్‌మెంటందురు. ఇది చిగురును దాటి పైకి వచ్చు భాగము. మూడవది పైకి కనబడు పంటి తొడుగు. చూచువారు తొడుగును మెచ్చుకొందురు. వైద్యులు చిరకాలము మఱమేకునుగూర్చియే ఆలోచించిరి. నడుమనున్న మెడచుట్టు చిగురునుగూర్చి విచారించినవారు మొదట తక్కువ.

దీనికి కారణము ఇంప్లాంటు పుట్టిన విధమే. 1952లో స్వీడను దేశములోని లుండ్ నగరమున పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్ అను పరిశోధకుడు కుందేటి కాలియెముకలో రక్తము ప్రవహించు తీరును కనులార చూడగోరి, యొక చిన్న టైటేనియపు గొట్టమును ఆ యెముకలో నమర్చెను. దానిలోనుండి సూక్ష్మదర్శినితో చూచుట ఆయన యుద్దేశము. పని ముగిసిన పిమ్మట గొట్టమును ఊడదీసి మరల వాడుకొనవలెనని యత్నింపగా అది రాలేదు. యెముక దానిని విడువలేదు. ఇతరుడైన యెడల విసుగుకొని క్రొత్త గొట్టము తెప్పించుకొని యుండును. బ్రానెమార్క్ మాత్రము ఆ విడువకుండుటనే పరిశీలింప మొదలిడెను. 1965లో గోథెన్‌బర్గు నగరమున యోస్టా లార్సన్ అను రోగికి ఆయన మొట్టమొదటి టైటేనియపు దంతమూలములు నాటెను. లార్సన్ 2006లో మరణించువఱకు, నలువది యేండ్లకు పైగా, అవి ఆయన దవడలో నిలిచి పనిచేసినవి. 1982లో కెనడాలోని టొరాంటోలో జరిగిన సభ పిమ్మట ఇతర దేశముల వైద్యులును ఈ పద్ధతిని విరివిగా స్వీకరించిరి.

బ్రానెమార్కు పద్ధతిలో మఱమేకును నాటి, దానిపై చిగురును కుట్టివేసి, క్రింది దవడయందు మూడు నెలలు, పై దవడయందు ఆఱు నెలలు కదలింపక యుంచెడివారు. పిమ్మట చిగురును మరల కోసి మెడను బిగించెడివారు. స్విట్జర్లాండులోని బెర్ను నగరమున ఆండ్రే ష్రోడర్ మఱియొక మార్గము త్రొక్కెను: మొదటి దినముననే మఱమేకు మెడను చిగురు దాటి పైకి కనబడునట్లు విడిచెను. రెండు మార్గములును ఫలించినవి. నేడు రెండును వాడుకలో నున్నవి. ఏ మార్గమున పోయినను, ఎప్పుడో యొకప్పుడు చిగురు లోహమును ఎదుర్కొనక తప్పదు. ఆ యెదురుకోలు ఎట్లు జరుగునో గోథెన్‌బర్గులోని పరిశోధకులే తరువాతి కాలమున నిదానముగా పరిశీలించిరి. టోర్డ్ బెర్గ్‌లుండ్, యాన్ లిండే మొదలగువారు కుక్కలయందు చేసి 2007లో ప్రకటించిన పరిశోధనలో, ఇంప్లాంటు నాటిన రెండు గంటలు మొదలుకొని పండ్రెండు వారములవఱకు వేర్వేఱు దినములలో చిగురును పలుచని ముక్కలుగా కోసి సూక్ష్మదర్శినిక్రింద చూచిరి. ఆ వృత్తాంతము మాకు మిక్కిలి ఇంపుగా నుండుటచేత కొంత వివరముగా చెప్పుచున్నాము.

కోసిన చిగురు లోహము చుట్టు చేరిన వెంటనే ఆ సందును రక్తము నింపును. నిమిషములలో గడ్డకట్టును. ఈ గడ్డ వట్టి యెఱ్ఱని ముద్ద కాదు. ఫైబ్రిన్ అను సన్నని దారములతో అల్లిన వల. రాబోవు పనివారు నిలిచి పనిచేయుటకు అది పరంజవంటిది. మొదట వచ్చువారు న్యూట్రోఫిళ్లను తెల్లకణములు. ఇవి కాపలావారు. లోపలికి జొరబడిన క్రిములను మ్రింగి, చచ్చిన కణముల తునుకలను తొలగించును. రెండవ మూడవ దినమున గాయముపై తెల్లని పలుచని పొర కనబడుట కలదు. ఇంటివారు దానిని చూచి చీము పట్టినదని భయపడి, వ్రేలితో గాని దూదితో గాని తుడిచివేయుదురు. అది చీము కాదు, ఆ వలయే. దానిని తుడుచుట, తాపీవారు పనిలో నుండగా పరంజ నూడబెఱుకుట.

నాలుగవ దినమునకు చిగురునకును లోహమునకును నడుమ మొట్టమొదటి మూత యేర్పడినట్లు ఆ పరిశోధకులు కనుగొనిరి. అది బలహీనమైన మూత. నాలుకతో పొడిచినను, గట్టి చేగోడీ కొఱికినను చెదరునంతటిది. అయినను నాలుగు దినములకే మూత యేర్పడుట ఆశ్చర్యము. చేతిపై గాయముకంటె నోటిలోని గాయము త్వరగా మానుననియు, మచ్చ మిగులుట తక్కువయనియు అందఱెఱిగినదే. నోటి పైపొరలోని కణములు వేగముగా పుట్టుచుండుటయు, లాలాజలము గాయమును ఎండనీయక తడిగా నుంచి మానుటకు తోడ్పడు పదార్థములను అందించుటయు దీనికి కొంతవఱకు కారణములు.

మొదటి వారము గడచి రెండవ వారము నడుచుచుండగా కాపలావారి సంఖ్య తగ్గును. వారు పైయంచునకే పరిమితులగుదురు. లోపల ఫైబ్రోబ్లాస్టులను కణములు చేరును. వీరు సాలెవారు. కొల్లాజెను నారలను నేయుట వీరి వృత్తి. క్రొత్త రక్తనాళములు మొలకెత్తును. రెండవ వారము చివర కోసిన చిగురు ముక్కలో కణములును రక్తనాళములును కిటకిటలాడుచుండెనని పరిశోధకులు వ్రాసిరి. పైనుండి చూచు రోగికి చిగురు మానినట్లే తోచును; కుట్లు తీసివేయుటయు సాధారణముగా ఈ కాలముననే, ఏడు మొదలు పది దినములలో జరుగును. లోపల పని నిజముగా అప్పుడే మొదలైనది.

రెండవ వారమునుండి పైపొర కణములు లోహపు గోడ వెంబడి క్రిందికి దిగ నారంభించును. నాలుగవ వారమునకు చిగురునకును లోహమునకును కలయికయున్న పొడవులో నూటికి 40 వంతులు ఈ పైపొర ఆక్రమించుకొనెను. ఈ దిగుట ఆఱవ యెనిమిదవ వారముల నడుమ ఆగినది. అదే సమయమున లోహమును ఆనుకొని ఫైబ్రోబ్లాస్టులు దట్టమైన పొరగా నేర్పడినవి. పండ్రెండవ వారమునకు నారలు పండి, గట్టిపడి, పైపొర నూటికి సుమారు 60 వంతులతో స్థిరపడెను. కుక్కలలో చూచినది మనుష్యులలో సరిపోవునా యని సందేహింపవచ్చును. స్వయముగా అంగీకరించిన రోగులయందు చేసి 2014లో ప్రకటింపబడిన పరిశోధనలోను ఈ చిగురు కట్టు పూర్తియగుటకు ఎనిమిది వారములే పట్టినవి.

పట్టణములలో ఒక్క దినములోనే పండ్లు కట్టుదుమను ప్రకటన పలకలు మనము చూచుచున్నాము. తగిన రోగికి, తగిన యెముకకు, నేర్పరియైన వైద్యుడు ఒక్క దినములో తొడుగును బిగింపగలడు. అందులో అసత్యము లేదు. చిగురు మాత్రము ఆ పలకను చదువుకొనలేదు. దానికి కావలసిన ఆఱు ఎనిమిది వారములు దానికి ఇయ్యవలసినదే.

మానిన పిమ్మట మెడచుట్టు ఏర్పడిన చిగురు పట్టీని కొలిచిన యెడల మొత్తము మూడు మొదలు నాలుగు మిల్లీమీటరుల యెత్తుండును. అందులో పై రెండు మిల్లీమీటరులు సుమారుగా పైపొర పట్టు. క్రింది ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు నారల పట్టు. పైపొర ఇచ్చటను హెమిడెస్మోసోముల చేతనే లోహమును అంటుకొనును. ఇంతవఱకు సహజదంతమునకును దీనికిని పోలిక యున్నది. భేదమంతయు క్రింది భాగమున నున్నది. లోహమునకు సిమెంటము లేదు. నారలు దిగి పాతుకొనుటకు తావు లేదు. కావున అవి లోహపు గోడ వెంబడి నిలువుగానో, దాని చుట్టును ఉంగరమువలెనో సాగిపోవుచున్నవి గాని దానిలోనికి దిగుట లేదు. 1991లో బెర్గ్‌లుండ్, లిండే ప్రభృతులు సహజదంతమును, ఇంప్లాంటును ప్రక్కప్రక్కన బెట్టి చూపిన భేదమిదియే.

మన పల్లెలలోని పాకలను చూచిన బాలురకు ఇది సులభముగా బోధపడును. పాక కప్పులోనుండి స్తంభము పైకి పొడుచుకొని వచ్చినచో ఆ చుట్టును వాన కాఱును. తాటాకులను స్తంభమునకు మేకులతో కొట్టి బిగించుట యొక విధము. చుట్టును త్రాటితో బిగించి కట్టుట మఱియొక విధము. సహజదంతము మొదటిది, ఇంప్లాంటు రెండవది. త్రాడు బిగువుగా నున్నంతకాలము చుక్క నీరు దిగదు. వదులైననాడు మేకులవలె ఆపునది మఱి యేదియు లేదు.

రక్తపు మాటయు అట్టిదే. పంటివేరుచుట్టు నుండెడి నారపొర ఇచ్చట లేదు. యెముకయే లోహమును అంటియున్నది. కాబట్టి రెండు కాలువలలో నొకటి ఎండిపోయినది. 1994లో అదే పరిశోధకులు చిగురులోని రక్తనాళములను పరిశీలించి, ఇంప్లాంటు చుట్టు చిగురునకు రక్తము యెముక వెలుపలి వైపునుండి మాత్రమే వచ్చుచున్నదనియు, లోహమునకు మిక్కిలి చేరువనున్న నారలలో నాళములు అరుదనియు చూపిరి. రక్తము తక్కువగా నున్నచోటికి తెల్లకణములు వేగముగా చేరజాలవు. అనగా తలుపు కొంచెము బలహీనము, కాపలాయు కొంచెము దూరము.

ఇంకొక చిత్రమును చెప్పి ముందునకు పోవుదము. ఈ చిగురు పట్టీకి సుమారు మూడు మిల్లీమీటరుల యెత్తు కావలెనని దేహము పట్టుపట్టినట్లున్నది. 1996లో ప్రకటింపబడిన పరిశోధనయందు చిగురును కావలెనని పలుచన చేసి చూడగా, మానునపుడు ఆ యెత్తు చాలక, యెముకయే కొంత కఱగి క్రిందికి దిగి చిగురునకు చోటిచ్చెను. చిగురు తన కొలతకొఱకు యెముకను వెనుకకు నెట్టినదన్నమాట. నేడు నేర్పరులైన వైద్యులు మఱమేకు నాటకముందే చిగురు మందమును కొలుచుటకును, పలుచనిచోట అంగిటినుండి కొంచెము కండ తెచ్చి అతుకుటకును ఇదియే హేతువు. రోగులు కొందఱు దీనిని వృథా వ్యయమని తలంతురు. కాదని మా యభిప్రాయము.

మా పాఠశాలలో పూర్వము పనిచేసిన యొక పంతులుగారు ఇటీవల రెండు ఇంప్లాంటులు పెట్టించుకొనిరి. ఆయన మమ్మడిగిన ప్రశ్న యిది: "చిగురు చక్కగా మానినదని వైద్యులే చెప్పిరి గదా. మరల ఆఱు నెలలకొకమారు రమ్మనుటయేల? లోహమునకు పుప్పి పట్టదు గదా?" లోహమునకు పుప్పి పట్టదన్నమాట నిజమే. కాని చిగురు మానుటయనగా పాతచిగురు తిరిగి వచ్చుట కాదు. అంతకంటె కొంచెము బలహీనమైన క్రొత్త కట్టు ఏర్పడుట. ఆ కట్టునకు ప్రధాన శత్రువు పాచి.

పాచి చేయు పనిని తెలుపు రెండు పరీక్షలను పోల్చిచూచుట మంచిది. 1965లో డెన్మార్కు దేశపు ఆర్హుస్ నగరమున హారాల్డ్ లూ అను దంతవైద్యుడు ఆరోగ్యవంతులైన 12 మందిని పండ్లు తోముకొనవద్దని కోరెను. పది మొదలు ఇరువదియొక్క దినములలో అందఱి చిగుళ్లును ఎఱ్ఱబడి వాచెను. మరల తోముకొన నారంభింపగా సుమారు వారము దినములలో అవి స్వస్థత పొందెను. చిగుళ్లవాపునకు పాచియే కారణమని నిర్వివాదముగా తెలిపినది ఈ పరీక్షయే. 2012లో ప్రకటింపబడిన మఱియొక పరీక్షయందు ఇంప్లాంటులు గలవారు మూడు వారములు ఆ చోట తోముట మానిరి. పిదప మూడు వారములు శ్రద్ధగా తోమిరి. ఆ మూడు వారములు గడచినను ఇంప్లాంటు చుట్టు చిగురు పూర్తిగా మునుపటి స్థితికి రాలేదు. అనగా చెడుటకు పట్టు కాలము సమానమే. బాగుపడుటకు పట్టు కాలము మాత్రము హెచ్చు. పంతులుగారికి మేము చెప్పిన సమాధానమిదియే. చిగురు వాపు చిగురులోనే యున్నంతవఱకు శుభ్రతచేత నయమగును. అది లోతునకు దిగి యెముకను కఱగింప మొదలిడినచో నొప్పి లేకయే యెముక తఱిగిపోవుట కలదు. మఱమేకు కదలువఱకు రోగికి తెలియకపోవచ్చును. ఆఱు నెలలకొకమారు వైద్యుడు సన్నని కొలకఱ్ఱను చిగురంచున తేలికగా దింపి, రక్తము కాఱుచున్నదా, లోతు పెరిగినదా యని చూచుట ఇందుకొఱకే.

వైద్యుని చేతులలోను కొంత బాధ్యత యున్నది. మానిన పిమ్మట మెడను ఊడదీసి మరల బిగించిన ప్రతి సారియు చిగురు పట్టు తెగును. ఇట్లు పలుమారులు చేసిన యెడల పట్టు క్రిందికి జాఱి, దానితో యెముకయు కొంత తఱుగునని 1997లో ప్రకటింపబడిన పరిశోధన చూపినది. తొడుగును అతికించు సిమెంటు చిగురు క్రిందికి జాఱి మిగిలిపోయినను అది ముల్లువలె పనిచేసి చిగురును పుండుచేయును.

ఇక గాయము మానుచున్న దినములలో ఇంటివారు గమనింపవలసినవి కొన్ని కలవు. మొదటి దినము గట్టిగా పుక్కిలింపరాదు, ఉమ్మివేయుచుండరాదు, గడ్డ ఊడిపోవును. మఱునాటినుండి గోరువెచ్చని ఉప్పునీటిని మెల్లగా నోట త్రిప్పి విడువవచ్చును. పెదవి నెత్తి అద్దములో మాటిమాటికి చూచుకొనుట కుట్లను లాగును. మెత్తని యన్నము, చల్లార్చిన జావ, పెరుగు మేలు. కారము, వేడి, గట్టి పదార్థములు కొన్నాళ్లు మానవలెను. గాయమున్నచోట వేపపుల్లయు, గట్టి కుంచెయు వైద్యుడు చెప్పువఱకు తగదు. తక్కిన పండ్లను మాత్రము ఎప్పటివలె తోముకొనవలెను. వాపు సాధారణముగా రెండు మూడు దినములు హెచ్చి తరువాత తగ్గును. మూడవ దినము దాటినను నొప్పి పెరుగుచున్నను, చీము కాఱుచున్నను, రక్తము ఆగకున్నను వెంటనే వైద్యుని చూడవలెను.

పొగాకునుగూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. అందలి నికోటిను సన్నని రక్తనాళములను ముడుచుకొనజేయును. ఉన్న యొక్క కాలువకును అడ్డుకట్ట వేసినట్లగును. చుట్ట, బీడీ, సిగరెట్టు, ఖైనీ, గుట్కా, వీనిలో దేనికిని మినహాయింపు లేదు. శ్రీకాకుళ విశాఖపట్టణ ప్రాంతములలో కొందఱు స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగు ఆచారము కలదు. ఆ వేడియు పొగయు నేరుగా అంగిటికి తగులుటచేత నోటిపొర యెంత చెడునో ఆ ప్రాంతపు దంతవైద్యులు చక్కగా నెఱుగుదురు. అట్టి నోటిలో చిగురు కట్టు నిలుచుట కష్టము. మధుమేహము అదుపులో లేనివారి గాయము లాలస్యముగా మానును. వారు రక్తములోని చక్కెరను అదుపునకు తెచ్చుకొని పిమ్మట ఈ పనికి పూనుకొనుట మేలు. మానిన తరువాత మెత్తని కుంచెతో చిగురంచువఱకు తోముటయు, పంటికిని పంటికిని నడుమ దూరు సీసాకుంచెవంటి సన్నని కుంచెతో రోజున కొకమారు శుభ్రపఱచుటయు అలవాటు చేసికొనవలెను.

తల్లిదండ్రులు కొందఱు, ఆటలలో ముందరి పన్ను పోగొట్టుకొన్న తమ పిల్లలకు వెంటనే ఇంప్లాంటు పెట్టింపవచ్చునా యని అడుగుచున్నారు. దవడ పెరుగుదల ముగియువఱకు పెట్టరాదు. సహజదంతములు తమ నారపొర చుట్టును యెముకను సవరించుకొనుచు పెరుగు దవడతోబాటు కదలును. ఇంప్లాంటు యెముకకు అంటుకొని నాటినచోటనే నిలుచును. ప్రక్కపండ్లు క్రిందికి దిగుచుండగా అది పైననే చిక్కుకొని పొట్టిదైనట్లు కనబడును; దాని చిగురంచును వంకరయగును. కావున అంతవఱకు తీసి పెట్టుకొను పన్నుతోనో, ప్రక్కపండ్లకు అతికించిన పన్నుతోనో సరిపెట్టుకొనవలెను.

అయితే శాశ్వతదంతము వేరుతో సహా ఊడి క్రిందపడినపుడు ఆ దంతమునే కాపాడుకొనుటకు అవకాశము కలదు. మేము పైన వర్ణించిన నారలు ఆ వేరుపై ఇంకను ప్రాణముతో నుండును. వేరును తాకక, పైభాగమును పట్టుకొని, మట్టి యంటియున్నచో పాలతోగాని శుభ్రమైన నీటితోగాని క్షణకాలము కడిగి, వెంటనే ఆ గుంటలోనే పెట్టి గుడ్డముక్కను మెల్లగా కొఱికి పట్టుకొనవలెను. అట్లు చేయ వీలు కానిచో పన్నును చల్లని పాలలో వేసి దంతవైద్యునియొద్దకు పరుగెత్తవలెను. వేరును గీకరాదు, గుడ్డతో రుద్దరాదు, ఎండనీయరాదు. ఊడిన పాలపన్నును మాత్రము తిరిగి పెట్టరాదు. దాని క్రింద శాశ్వతదంతపు మొలక యుండును. ఎండిన వేరుపై నారలు కొద్దికాలములోనే చచ్చును. గంట గడచిన పిమ్మట అవి బ్రతుకుట యరుదు. అవి బ్రతికియుండగా గుంటను చేరిన యెడల, తెగిన నారలు కొన్ని వారములలో మరల కలిసికొని, చిగురు తన పాత పంటినే పట్టుకొనును.